కార్తీక పౌర్ణమికి కాశీ: దంపతులు దేవ దీపావళి చూసి రావడం ఎలా?

కార్తీక పౌర్ణమి అంటే మనకు 365 వత్తుల దీపం, శివాలయంలో జ్వాలాతోరణం, చంద్రుణ్ణి చూశాక ఉపవాస విరమణ. అదే సాయంత్రం కాశీలో అస్సీ ఘాట్ నుంచి రాజ్‌ఘాట్ దాకా, సుమారు ఏడు కిలోమీటర్ల పొడవునా మెట్టుమెట్టుకీ దీపాలు వెలిగిస్తారు. త్రిపురాసురుణ్ణి శివుడు సంహరించిన రోజు ఇదేనని, ఆ సంతోషంతో దేవతలే గంగ ఒడ్డుకు దిగి దీపాలు పెడతారని అక్కడి నమ్మకం. అందుకే దీనికి దేవ దీపావళి అని పేరు. భార్యాభర్తలు కలిసి ఒక్కసారి చేయాల్సిన ఉత్తరాది యాత్ర ఏదని అడిగితే నేను మరో మాట లేకుండా దీన్నే చెబుతాను.

ఈ యాత్ర పాడయ్యేది ఒకే ఒక్క కారణంతో. పౌర్ణమి నాడు పొద్దున దిగి, ఆ ఒక్క రోజులోనే గంగాస్నానం, విశ్వనాథుడి దర్శనం, పడవ, హారతి అన్నీ కానిచ్చేద్దామనుకుంటారు. ఆరేడు గంటలు క్యూలో నిలబడి, తీరా దీపాలు వెలిగే వేళకు కాళ్లు పీకి గదిలో పడుకుంటారు. అందుకని కింద చెప్పే క్రమమంతా ఒక్క పద్ధతి మీద నడుస్తుంది: దర్శనాలు ముందే పూర్తి చేయాలి, పౌర్ణమి రోజు ఘాట్లకే ఉంచాలి, చుట్టుపక్కల ఊళ్లు ఆ తర్వాత చూడాలి.

1. ముందు తేదీ చూసుకోండి

దేవ దీపావళి 2025లో నవంబరు 5న వచ్చింది. 2026లో నవంబరు 24, మంగళవారం. అంటే ముందు రోజు 23 కార్తీక సోమవారం. ఆ రోజు విశ్వనాథుడి గుడి కిటకిటలాడుతుంది కాబట్టి దర్శనం దానికి ముందు ఆదివారానికే పెట్టుకోండి.

ఇంకో విషయం. ఉత్తరాదిలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. వాళ్ల కార్తీకం ఈ పౌర్ణమితో అయిపోతుంది, మనకు మాత్రం ఇంకా పదిహేను రోజులు ఉంటుంది. సెలవు దొరకనివాళ్లు, జనం అంటే భయం ఉన్నవాళ్లు, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు పౌర్ణమి వెళ్లిన నాలుగైదు రోజులకు బయల్దేరితే మంచిది. దేవ దీపావళి చూడలేరు గానీ, మన కార్తీకంలో కాశీలో ఉన్నట్టే అవుతుంది. గదుల రేట్లు కూడా కిందికి దిగుతాయి.

2026కి నేనైతే ఇలా వేస్తాను: 20 శుక్రవారం ప్రయాగ చేరడం, 21 పొద్దున సంగమం, సాయంత్రానికి కాశీ. 22న విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి. 23న ఘాట్ల వెంట నింపాదిగా ఒక నడక. 24 పౌర్ణమి. 25న సారనాథ్. 26న తిరుగు ప్రయాణం. అయోధ్య, గయ ఇందులో ఇరికించకండి. అయోధ్య కాశీకి 200 కిలోమీటర్ల పైనే ఉంటుంది, గయకు వెళ్లేది పితృకార్యం కోసం. రెండూ విడిగా, తీరిగ్గా వెళ్లాల్సినవి.

2. రైలా, విమానమా

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. కార్తీకంలో కాశీ వైపు వెళ్లే రైళ్లలో బెర్తులు ఆ పొద్దునే అయిపోతాయి. సికింద్రాబాద్ వైపు నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్, చెన్నై నుంచి విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే గంగా కావేరి ఎక్స్‌ప్రెస్ రెండూ ప్రయాగలోని ప్రయాగ్‌రాజ్ ఛియోకీ స్టేషన్లో ఆగుతాయి. సికింద్రాబాద్ నుంచి నడిచే కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. ఎక్కే స్టేషన్ ఏదో టికెట్ మీద మరోసారి చూసుకోండి.

హైదరాబాద్ నుంచి కాశీకి నేరుగా విమానం ఉంది. దిగేది బాబత్‌పూర్‌లో, ఊరికి పాతిక కిలోమీటర్లు. విమానంలో వెళ్లేవాళ్లు ముందు కాశీలో దిగి, కారులో ప్రయాగ వెళ్లి రావచ్చు. 120 కిలోమీటర్లు, మూడు గంటల దారి.

రైల్లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ (పాత మొఘల్‌సరాయ్) మీదుగా కాశీకి వస్తుంటే ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. మాళవీయ వంతెన మీద రైలు గంగ దాటుతున్నప్పుడు ఘాట్లన్నీ నెలవంకలా వంపు తిరిగి కనిపిస్తాయి. కాశీ మొదటి చూపు అదే కావాలని నా కోరిక.

3. గది ఎక్కడ తీసుకోవాలి

పౌర్ణమి రోజు పాత ఊళ్లోకి బండ్లు రానివ్వరు. గొదౌలియా, మైదాగిన్, అస్సీ వైపు దారులన్నీ మధ్యాహ్నానికే మూసేస్తారు. కాబట్టి స్టేషన్ దగ్గర పెద్ద హోటల్ కంటే ఘాట్‌కు నడిచి వెళ్లగల మామూలు గదే నయం. మనవాళ్లకు బాగా కుదిరే చోటు కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్ పరిసరాలు. పాండే హవేలీలో ఆంధ్రాశ్రమం ఉంది. చుట్టుపక్కల గల్లీల్లో తెలుగు మాట వినిపిస్తుంది, ఇడ్లీ దొరుకుతుంది. అక్కణ్ణుంచి దశాశ్వమేధ ఘాట్ నడిచి పావుగంట. విజయనగరం రాజుల పేరు మీద ఉన్న విజయనగరం ఘాట్ కూడా అక్కడే, కేదార్ ఘాట్ పక్కన.

ఆశ్రమాల్లో, సత్రాల్లో గదులు కావాలంటే కనీసం రెండు నెలల ముందు ఫోన్ చేసి అడగండి. మాట్లాడేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోండి: ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, బండి ఎంతవరకు వస్తుంది. కాశీ గల్లీల్లో చివరి అరకిలోమీటరు సామాను మోసుకుంటూ నడవాల్సిందే. ఇద్దరికీ కలిపి చక్రాల సూట్‌కేసు ఒక్కటి, భుజాన వేసుకునే బ్యాగు ఒక్కటి చాలు.

4. ప్రయాగలో వేణీదానం

ఉత్తరాదివాళ్లు ప్రయాగలో స్నానం చేసి వెళ్లిపోతారు. మన దక్షిణాది దంపతులకు మాత్రం అక్కడ ఇంకో పని ఉంది, వేణీదానం. పురోహితుడు సంకల్పం చెప్పించాక భర్త భార్య తల దువ్వి, తన చేత్తో జడ అల్లి, పూలు తురిమి, బొట్టు పెట్టాలి. తర్వాత జడ చివర రెండు మూడు అంగుళాలు కత్తిరించి, పసుపు కుంకుమలతో కలిపి సంగమంలో వదులుతారు. ఆ వెంట్రుకలు తేలకుండా మునిగిపోతాయని పెద్దలు చెబుతారు.

చెప్పడానికి ఇంతే గానీ, పడవ అటూ ఇటూ ఊగుతుంటే, పక్క పడవలవాళ్లు చూస్తుంటే, అంతవరకు ఎప్పుడూ జడ వేయని మనిషికి మూడు పాయలు చేతికి చిక్కవు. ముందు రోజు రాత్రి గదిలో ఒకసారి అల్లి చూడండి, అయ్యా. ఆవిడే నేర్పుతారు. దువ్వెన, రెండు రబ్బరు బ్యాండ్లు, చిన్న కత్తెర, పసుపు కుంకుమల పొట్లం విడిగా ఒక సంచిలో పెట్టుకోండి. విమానంలో వెళితే కత్తెర చెక్-ఇన్ బ్యాగులో ఉండాలి. కత్తిరించే చోటికి పైన ఒక బ్యాండు వేస్తే జడ విడిపోదు. స్నానం ముందా, వేణీదానం ముందా అనేది పురోహితుణ్ణి బట్టి మారుతుంది. బట్టలు మార్చుకోవడం దాన్నిబట్టే ఉంటుంది కాబట్టి ముందే అడగండి. సంభావన కూడా పడవ ఎక్కకముందే మాట్లాడుకోవాలి. నీళ్ల మధ్య బేరం ఇద్దరికీ ఇబ్బంది.

పడవ దగ్గర అడగాల్సింది: ఈ ధర పడవ మొత్తానికా, తలకా? వెళ్లి రావడానికా? అక్కడ ఎంతసేపు ఆపుతారు? లైఫ్ జాకెట్ లేని పడవ వద్దు. సంగమం దగ్గర నీళ్లను జాగ్రత్తగా గమనించండి, లేత మట్టిరంగులో గంగ, ఆకుపచ్చ ఛాయలో యమున పక్కపక్కన నడుస్తూ కనిపిస్తాయి. నవంబరు నుంచి తెల్లటి వలస పక్షులు గుంపులుగా వచ్చి పడవల చుట్టూ తిరుగుతాయి.

ఒడ్డుకు వచ్చాక పడుకున్న హనుమంతుడి గుడి, కోటలో అక్షయవటం, అలోపీదేవి గుడి చూసుకోండి. అష్టాదశ పీఠాల్లో చెప్పే ప్రయాగ మాధవేశ్వరి ఈ అలోపీదేవే అంటారు. టైముంటే చంద్రశేఖర్ ఆజాద్ 1931లో ప్రాణాలు వదిలిన పార్కుకు వెళ్లండి. సీసాలోకి గంగాజలం ఇక్కడే పట్టుకోండి. ఇంటికీ రామేశ్వరానికీ తీసుకెళ్లే గంగ ప్రయాగదే కావాలని మన పెద్దల మాట.

5. కాశీలో దర్శనాలు పౌర్ణమికి ముందే

విశ్వనాథుడి గుడికి ఫోన్లు, బ్యాగులు, స్మార్ట్ వాచీలు తీసుకెళ్లకండి. లాకర్లు ఉంటాయి గానీ, దానికో క్యూ, తిరిగి తీసుకోవడానికో క్యూ. ఫోన్లు గదిలోనే వదిలేసి, కొంచెం డబ్బు, ఆధార్ కార్డు మాత్రం జేబులో పెట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. సుగమ్ దర్శన్ (డబ్బు కట్టి త్వరగా చేసుకునే దర్శనం) టికెట్లు, హారతి టికెట్లు గుడి ట్రస్టు సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. గల్లీల్లో ఎదురొచ్చి "స్పెషల్ దర్శనం చేయిస్తాం" అనేవాళ్లకు నమస్కారం పెట్టి ముందుకు నడవండి. స్పర్శ దర్శనం, అంటే లింగాన్ని చేత్తో తాకడం, కొన్ని వేళల్లోనే ఉంటుంది, రద్దీ ఎక్కువైతే ఆపేస్తారు. దాని మీదే ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. తెల్లవారుజామున మంగళ హారతి అందరికీ తెలిసిందే. నాకు మాత్రం సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో జరిగే సప్తర్షి హారతి ఎక్కువ ఇష్టం. డమరుకాలు, గంటలు, మంత్రాలు ఒక్కసారిగా అందుకుంటాయి.

అన్నపూర్ణ గుడి పక్కనే. విశాలాక్షి గుడి మీర్ ఘాట్ దగ్గర చిన్న గల్లీలో ఉంటుంది, బయటి నుంచి చూస్తే దక్షిణాది గోపురమే. వారాహి అమ్మవారి గుడికి మాత్రం చీకటితోనే లేచి వెళ్లాలి. పొద్దెక్కక ముందే మూసేస్తారు, నేలలోని రంధ్రంలోంచి కిందికి చూసి దర్శనం చేసుకోవాలి. కాలభైరవుణ్ణి చూసి, మెడలోకీ చేతికీ కాశీ దారాలు అక్కడే తీసుకోండి.

23 సాయంత్రం పంచగంగా ఘాట్ వైపు నడవండి. వెదురు గడల చివర బుట్టల్లో వేలాడే ఆకాశదీపాలు కనిపిస్తాయి. మన శివాలయాల్లో ధ్వజస్తంభానికి కట్టేదీ ఈ ఆకాశదీపమే. అహల్యాబాయి హోల్కర్ పేరు చెప్పుకునే రాతి దీపస్తంభం అక్కడుంది, పౌర్ణమి నాడు దాని నిండా వెయ్యికి పైగా దీపాలు పెడతారు. ఘాట్లన్నిటా దీపాలు పెట్టే నేటి దేవ దీపావళి 1980ల్లో ఈ పంచగంగా నుంచే పాకింది. విజయనగరం ప్రాంతంలో పుట్టి కాశీలో స్థిరపడి 1887లో సమాధి చెందిన త్రైలింగ స్వామి మఠం కూడా ఈ ఘాట్ పైనే. తెలుగువాళ్లు తప్పకుండా ఎక్కి చూడాల్సిన మెట్లు అవి.

6. పౌర్ణమి రోజు గంటగంటకూ

తెల్లవారక ముందే స్నానం ముగించండి. దశాశ్వమేధంలో తోపులాట ఉంటుంది. కేదార్, మానససరోవర్ ఘాట్లు కొంచెం నయం. చివరి మెట్లకు వానాకాలపు వండ్రు అంటుకుని జారుడుగా ఉంటుంది, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగండి. నూలు చీరో సల్వారో అయితే తడిశాక బరువుండదు.

స్నానమయ్యాక గదికొచ్చి పడుకోండి. ఉపవాసం ఉండేవాళ్లు పాలు, పళ్లు, మంచినీళ్లు మానొద్దు. సాయంత్రం నాలుగైదు గంటలు జనంలో నిలబడాలి, ఒట్టి కడుపుతో కళ్లు తిరిగితే పక్కకు తప్పుకునే చోటు కూడా దొరకదు.

మూడు గంటలకల్లా ఘాట్‌లో ఉండాలి. కాశీలో నవంబరు చివర్లో ఐదుంబావుకల్లా పొద్దుగూకుతుంది, మన హైదరాబాద్ లెక్క వేసుకుని ఆరింటికి బయల్దేరితే అప్పటికే దారులు నిండిపోతాయి. బయల్దేరే ముందు టాయిలెట్‌కు వెళ్లి రావడం మర్చిపోవద్దు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: మెట్ల మీద ఉండాలా, పడవ ఎక్కాలా? ఆ సాయంత్రం పడవ ధర మామూలుకు ఎన్నో రెట్లు. నది మధ్య పడవలు ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోతాయి, దిగాలన్నా దిగలేరు. పడవలోంచి మొత్తం ఒడ్డు ఒకేసారి కనిపిస్తుంది, నిజమే. కానీ దీపాన్ని దూరం నుంచి చూడటం కంటే చేత్తో వెలిగించడమే ఈ పండగ. నా సలహా మెట్లే. పడవ మర్నాడు తెల్లవారుజామున ఎక్కండి. అయినా పడవే కావాలంటే ముందు రోజే మాట్లాడి, ఎక్కే ఘాట్, దింపే ఘాట్, వేళ, ధర నాలుగూ తేల్చుకోండి.

మెట్ల మీద మధ్యాహ్నం నుంచే పని మొదలవుతుంది. కుర్రాళ్లు బుట్టలతో ప్రమిదలు తెచ్చి వరసగా పేరుస్తారు. వెనకే ఆడవాళ్లు ఒత్తి వేస్తూ వస్తారు, ఆ వెనక ఒకరు నూనె పోస్తారు. ఒత్తి ప్రమిద అంచు దాటి గోరంత బయటికి ఉండాలి, ముందు దాన్ని నూనెలో తడపాలి, లేకపోతే గంగ గాలికి నిలవదు. నీళ్లలో నానబెట్టిన ప్రమిదైతే నూనె తాగదని మన ఇళ్లలో చెప్పే మాటే అక్కడి అమ్మలూ చెబుతారు. దగ్గరికి వెళ్లి "దీదీ, హమ్ భీ జలాయే?" (అక్కా, మేమూ వెలిగించమా?) అని అడగండి. కాదనేవాళ్లు ఉండరు. ఒక నూనె ప్యాకెట్, ఒత్తుల పొట్లం కొని వాళ్ల చేతికివ్వండి, మీకో వరస అప్పగిస్తారు. ఇద్దరూ రెండు చివరల నుంచి వెలిగించుకుంటూ మధ్యలో కలుసుకోండి.

మీ 365 వత్తుల కట్ట ఇంటి నుంచే తెచ్చుకోండి. నెయ్యి, అగ్గిపెట్టె అక్కడే కొనుక్కోవాలి, విమానంలో అగ్గిపెట్టె ఏ బ్యాగులోనూ పెట్టనివ్వరు. మట్టి మూకుడులో పెట్టి, జనం తొక్కని చోట వెలిగించండి. గంగలో వదిలే దీపానికి ఆకు దొన్నె తీసుకోండి, ప్లాస్టిక్, థర్మోకోల్ వద్దు.

జాగ్రత్తలు రెండు. కొంగు, చున్నీ నడుముకు బిగించండి, సిల్కు, సింథటిక్ ఆ పూటకు మానేయండి. మీ కాళ్ల వెనక కూడా దీపాలుంటాయి. చీకటి పడేసరికి మెట్లన్నీ ఒలికిన నూనెతో జారుతుంటాయి, పట్టు ఉన్న చెప్పులే వేసుకోండి.

గంగ ఇక్కడ ఉత్తరం వైపు పారుతుంది, ఘాట్లన్నీ తూర్పుకే చూస్తాయి. కాబట్టి నిండు చంద్రుడు సరిగ్గా మీ ఎదురుగా, ఆవలి ఇసుక ఒడ్డు మీంచి లేస్తాడు. ఫోన్ పక్కన పెట్టి అది చూడండి. దశాశ్వమేధంలో ఆ రోజు హారతి మరింత పెద్దగా జరుగుతుంది, అమరవీరులకు నివాళి అర్పిస్తారు. అక్కడికి చేరాలని తోసుకోవద్దు, ఆకాశంలో పేలే బాణసంచా మీరు కూర్చున్న మెట్టు మీంచే కనిపిస్తుంది. చేతసింగ్ ఘాట్ గోడల మీద వేసే లైట్ల ప్రదర్శన మాత్రం అన్ని మెట్ల నుంచీ కనిపించదు.

రాత్రికి ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో వెలుతురుండగానే అనుకోండి: ఒక గుడి, ఒక మెట్ల వరస, ఫలానా టీకొట్టు, ఏదో ఒకటి. గది చిరునామా, ఎదుటివాళ్ల ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. డబ్బంతా ఒక్కరి పర్సులో పెట్టకండి. తిరిగి వచ్చేటప్పుడు జనం ఎటు కదిలితే అటు నింపాదిగా కదలండి, లేదా గంటసేపు అక్కడే కూర్చుని తొమ్మిదిన్నర దాటాక లేవండి. రెండోదే మేలు.

7. మర్నాడు పడవ, సారనాథ్

తెల్లవారుజామున పడవ ఎక్కితే అస్సీ నుంచి పంచగంగా దాకా గంటన్నరలో తిప్పి తెస్తారు. చలి ఉంటుంది, స్వెటరో శాలువో కావాలి. దిగాక కచోరీ సబ్జీ, జిలేబీ తినండి. చలికాలం మొదలైతే మలైయో అమ్ముతారు, మంచులో ఉంచిన పాలను చిలికి తీసిన కుంకుమపువ్వు నురగ. ఎండెక్కితే కరిగిపోతుంది, పొద్దున్నే దొరుకుతుంది. ఇద్దరికీ ఒక్క కుల్హడ్ (మట్టి కప్పు) చాలదు, చెరొకటి తీసుకోండి.

సారనాథ్ పది కిలోమీటర్లు, ఆటోలో వెళ్లి రావచ్చు. మ్యూజియం శుక్రవారం మూసేస్తారు. మన రూపాయి నోటు మీది సింహాల అసలు శిల్పం అక్కడుంది, ముందు అదే చూడండి. తర్వాత ధమేఖ్ స్తూపం చుట్టూ ఒక ప్రదక్షిణ, అక్కణ్ణుంచి మూలగంధకుటి విహారం. ఆ విహారంలో మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన బుద్ధధాతువు (బుద్ధుడి శరీర అవశేషం) ఉంది. కార్తీక పౌర్ణమి రోజుల్లోనే అక్కడి ధాతువులను భక్తుల దర్శనానికి బయటికి తీస్తారు, కాబట్టి ఈ ప్రయాణంలో సారనాథ్‌ను వదులుకోవద్దు.

సాయంత్రానికి ఊళ్లోకి వచ్చి చీరల కొట్లు చూసుకోండి. బెనారస్ చీరలకు ఆటోవాళ్లు చూపించే కొట్టుకు కాకుండా, మీరు దిగిన చోటివాళ్లను అడిగి వెళ్లండి. హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ అడగండి. చీర తిరగేసి చూడండి, చేనేత కడువా పని (ఒక్కో పువ్వునూ విడిగా నేసేది) అయితే వెనకవైపు పువ్వుకీ పువ్వుకీ మధ్య వేలాడే దారాలుండవు.

8. సర్దుకోవడం, ఇంటికొచ్చాక

గంగాజలం సీలు వేసిన చెంబులో, దాని చుట్టూ పాలిథిన్ కవరు చుట్టి, చెక్-ఇన్ బ్యాగులో బట్టల మధ్య పెట్టండి. అన్నపూర్ణ చిన్న విగ్రహాలు, కాశీ దారాలు ఎంతమందికి ఇవ్వాలో ఇంటి దగ్గరే లిస్టు రాసుకుని, దానికి పది ఎక్కువే కొనండి. ఇంటికొచ్చాక చేసే కాశీ సమారాధన తేదీని ప్రయాణానికి ముందే పురోహితుడితో అనుకుంటే, కార్తీకం దాటకుండా కుదురుతుంది. 2026లో మన కార్తీక అమావాస్య డిసెంబరు రెండో వారం దగ్గర పడుతుంది, భోజనాలకు చుట్టాలను పిలుచుకోవడానికి పది రోజులు పైనే దొరుకుతాయి.